చెప్పి మొదలుపెట్టమంటే భారమా?

వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్‌ను 2025 నవంబరు 21న అమల్లోకి తెస్తూ కేంద్రం చెప్పుకొన్న గొప్పల్లో మొదటిది, యజమానుల నెత్తిన ఉన్న నిబంధనల భారం దించామన్నది. ఒకే రిజిస్ట్రేషన్, ఒకే లైసెన్సు, ఒకే రిటర్ను. ఒకే వివరాన్ని పది ఆఫీసుల్లో ఇవ్వమనడం వేధింపే. దాన్ని తీసేస్తే ఎవరికీ బాధ లేదు. కానీ ఆ దులపరింపులో కూలీల ప్రాణాలకు కాస్త కాపుగా ఉన్న గడువులు కూడా చెత్తతోపాటు పోయాయి. తమిళనాడులోని హోసూరు, కృష్ణగిరి ప్రాంతం దీన్ని చూసీ చూడనట్టు ఊరుకోకూడదు.

పని మొదలుపెట్టడానికి ఫ్యాక్టరీల చట్టం 15 రోజుల ముందు నోటీసు ఇవ్వమంది. భవన నిర్మాణ కార్మికుల చట్టం కనీసం 30 రోజుల ముందు ఇవ్వమంది. గనుల చట్టం నెల ముందే అందాలంది. ఈ మూడింటినీ కలిపేసిన కొత్త కోడ్ ఐదో సెక్షన్‌లో నోటీసు మాట ఉంది, రోజుల లెక్క లేదు. ఆ గడువును ప్రభుత్వాలు రాసుకునే నిబంధనలకు వదిలేశారు. పార్లమెంటు రాసిన గడువును మార్చాలంటే మళ్లీ పార్లమెంటుకే వెళ్లాలి. నిబంధనలో ఉన్న గడువును మార్చడానికి గెజిట్‌లో ఒక ప్రకటన చాలు. కొత్తవి వచ్చేదాకా పాత నిబంధనలే నడుస్తాయన్న ఊరట ఎన్నాళ్లుంటుంది?

జరిమానాలు పెరిగాయి, నిజమే. నోటీసు ఇవ్వని నిర్మాణదారుకు పాత చట్టంలో మూడు నెలల వరకు జైలు, లేదా రెండు వేల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ ఉండేవి. ఇప్పుడు జరిమానాలు లక్షల్లో ఉన్నాయి. ఇన్‌స్పెక్టర్లలో లంచగొండులున్నారన్నదీ కాదనలేం. అయినా ఈ రెండూ ముందస్తు గడువును తీసేయడానికి కారణాలు కావు.

ఇక ఆ భారం సంగతి చూద్దాం. నిర్మాణ కార్మికుల చట్టం 46వ సెక్షన్ అడిగినవి ఏమిటి? పని జరిగే చోటు. చేయించేవారి పేరు, చిరునామా. ఏం పని, ఏ యంత్రాలు వాడతారు. పేలుడు మందు వాడితే ఎక్కడ, ఎలా దాస్తారు. ఏ దశలో ఎంతమంది కూలీలుంటారు. మొత్తం మీద బాధ్యత ఎవరిది. ఎన్నాళ్లు పడుతుంది. తర్వాత ఏదైనా మారితే రెండు రోజుల్లో చెప్పాలి. ఇది లైసెన్సు కాదు. ఎవరి సంతకం కోసమూ ఎదురుచూడక్కర్లేదు. చెప్పేసి, గడువు దాటాక పని మొదలుపెట్టుకోవచ్చు. ఇందులో ఏ ఒక్క సంగతి కాంట్రాక్టరుకు కొత్త? ఎంతమంది కూలీలు కావాలో తెలియకుండా మేస్త్రీతో కూలి ఎలా మాట్లాడుకున్నాడు? తూటాలు ఎక్కడ పెట్టాలో తేల్చుకోకుండా క్వారీలో డ్రిల్లు ఎలా దింపుతాడు? ఈ నాలుగు ముక్కలు రాయలేనివాడికి భారం తగ్గించడం కాదు, వాడి చేత పని ఆపించడం న్యాయం.

వ్యాపారం ఆగిపోతుందన్న మాటా నిలవదు. హోసూరు సరిహద్దు జూజువాడి దాటి కర్ణాటకకు పోయే సరుకు విలువ 50 వేల రూపాయలు దాటితే, లారీ కదలకముందే ఈ-వే బిల్లు ఉండాలి. బండి నంబరుతో సహా ముందే చెప్పాలి. దానివల్ల హోసూరు పరిశ్రమ మూతపడలేదు. గ్రానైటు రాయి ఊరు దాటేముందు ప్రభుత్వానికి తెలియాలి గానీ, ఆ రాయి కోసం గోతిలోకి దిగే మనిషి సంగతి ముందుగా తెలియనక్కర్లేదా? సరుకు మీద పన్ను పోతుందన్న భయం ఉన్నచోట ముందస్తు సమాచారం అవసరమైంది. మనిషి పోతాడన్న భయం ఉన్నచోట అదే భారమైంది. ఈ తర్కాన్ని నోటితో పలకడానికే సిగ్గుపడాలి.

బాగలూరు రోడ్డులోనో, సూళగిరి వైపో కడుతున్న ఏ అపార్టుమెంటు ముందైనా నిలబడి చూడండి. రేకుల ప్రహరీ మీద ఫ్లాటు ధర ఉంటుంది, బుకింగు ఫోను నంబరు ఉంటుంది. లోపల పునాది గోతిలో ఒడిశా, బిహార్ కుర్రాళ్లు ఎంతమంది ఉన్నారో, మట్టిపెళ్ల విరిగిపడితే ఎవరికి ఫోను చేయాలో ఎక్కడా ఉండదు. బ్రిటన్‌లో 30 పనిదినాలు మించి సాగుతూ, ఒకేసారి 20 మందికి పైగా పనిచేసే నిర్మాణానికి ముందే నోటీసు ఇవ్వాలి, దాని నకలు పనిచోట అందరికీ కనిపించేలా పెట్టాలి. అక్కడా కాంట్రాక్టర్లు లాభాలకే పనిచేస్తారు.

ముందు తెలియకపోతే ఏమవుతుందో మనకు ఒకరు చెప్పాలా? 2023 జులై 29న కృష్ణగిరి పళయపేటలో బాణసంచా గోదాము పేలి తొమ్మిది మంది పోయాక, కారణం పక్క హోటల్ గ్యాస్ సిలిండరా, లోపలున్న మందా అని పెద్దలు వాదులాడుకున్నారు. అదే ఏడాది అక్టోబరు 7న సరిహద్దు అవతల అత్తిబెలెలో బాణసంచా దుకాణం అంటుకుని ఆ రోజే 14 మంది కాలిపోయారు. ఈ రెండింటికీ వర్తించే లైసెన్సు చట్టం వేరు, ఒప్పుకుంటాం. లోపల ఏముందో, ఎవరున్నారో అధికారులు శవాల దగ్గర నిలబడి తెలుసుకోవడం మాత్రం ఒకటే. 2025 జూన్ 30న తెలంగాణలోని పాశమైలారం సిగాచీ ఫ్యాక్టరీలో పేలుడు జరిగితే లోపల ఎంతమంది ఉన్నారన్న లెక్క రోజుల తరబడి తేలలేదు. చివరికి 54 మంది చనిపోయారన్నారు. వారిలో ఎనిమిది మంది ఆనవాలు కూడా దొరకలేదు. ఆ ఎనిమిది ఇళ్లకు వెళ్లి భారం గురించి మాట్లాడగలరా?

కొత్త కోడ్‌లో ఎవరైనా చనిపోతే యజమానికి రెండేళ్ల వరకు జైలుందని సమర్థకులు గుర్తుచేస్తారు. అది చావు తర్వాతి సంగతి. మేం అడుగుతున్నది పని మొదలుకావడానికి నెల ముందటి సంగతి.

ఫ్యాక్టరీలకు, ప్రైవేటు నిర్మాణాలకు నిబంధనలు రాసే అధికారం రాష్ట్రానిదే. ఆ 30 రోజులను తమిళనాడు తన నిబంధనల్లో అంకెతో సహా రాయాలి. ఆ నోటీసు నకలు దగ్గరి అగ్నిమాపక కేంద్రానికి, ప్రభుత్వాసుపత్రికి పోవాలి. పనిచోట తమిళం, తెలుగు, హిందీ, ఒడియాల్లో అతికించాలి. క్వారీలు గనుల భద్రతా డైరెక్టరేట్ కింద ఉన్నాయి కాబట్టి వాటి గడువు ఢిల్లీ చేతుల్లో ఉంది. లోక్‌సభలో తెలుగులో ప్రమాణం చేసిన మన కృష్ణగిరి ఎంపీ గోపీనాథ్ అక్కడే లేచి కార్మిక మంత్రిని అడగాలి: గనుల చట్టంలో ఉన్న ఆ నెల గడువును ఎవరు అడిగితే తీసేశారు?