ముద్ద తినిపించే చేతులు

డిమెన్షియా ముదిరితే నమలడం, మింగడం కూడా కష్టమవుతుంది. రోగిని నిటారుగా కూర్చోబెట్టి, చిన్న ముద్ద పెట్టి, మింగేదాకా ఆగాలి. తొందరపెడితే అన్నం ఊపిరితిత్తుల్లోకి పోయి న్యుమోనియా రావచ్చు. మా కాప్రాలో ఈ పని చేస్తూ నాకు కనిపించేది కోడళ్ళు, కూతుళ్ళు, పనికి కుదిరిన స్త్రీలే. 2007 నాటి తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ చట్టం తిండికి డబ్బు ఇప్పిస్తుంది. తినిపించే శ్రమను లెక్కించదు. 2019 జాతీయ సర్వే ప్రకారం ఇంట్లోవాళ్ళ సంరక్షణ చేసే స్త్రీలు రోజుకు 134 నిమిషాలు వెచ్చిస్తే, చేసే పురుషులు వెచ్చించేది 76 నిమిషాలు. నోరు తెరవని మనిషికి బలవంతంగా కుక్కకుండా ఉండాలంటే తినిపించే స్త్రీకి తీరిక కావాలి. అందుకే ఆమెకు శిక్షణ, విశ్రాంతి, కూలికి చేస్తుంటే న్యాయమైన వేతనం, బస్తీలో పగటి సంరక్షణ కేంద్రం అడుగుదాం. ఇంట్లో మగవాళ్ళ వంతునూ అడుగుదాం.