డిశ్చార్జి కాగితంలో రాయనిది

అమ్మకు ముప్పై నాలుగేళ్లప్పుడు గర్భసంచి తీసేశారు. తెల్లబట్ట అవుతోందని వెళ్తే, "ఇద్దరు పిల్లలున్నారుగా, ఇంకెందుకు? ఉంచుకుంటే క్యాన్సరొస్తది" అన్నాడు పట్నం డాక్టరు. నెల తిరక్కుండానే మిరపకోతలకు పోయింది. ఆ తర్వాత రెండేళ్లు సరిగా నిద్రపోలేదు. ఒంట్లో సెగలు, ఊరికే ఏడుపు. మా మాదిగపల్లెలో గాలి సోకిందన్నారు. నాన్న పనిదొంగ అన్నాడు. నేనూ విసుక్కున్నాను.

పీహెచ్‌డీలోకి వచ్చాకే దీని గురించి చదివాను. మెదడులో సెరటోనిన్ పనితీరుతో ఈస్ట్రోజెన్‌కు సంబంధం ఉంది. మామూలుగా ఏళ్ల తరబడి తగ్గే ఆ హార్మోన్, అండాశయాలు తీసేస్తే రోజుల్లోనే పడిపోతుంది. డిప్రెషన్ ముప్పు పెరుగుతుంది. చిన్న వయసులో అలా తీసినప్పుడు సాధారణంగా హార్మోన్ మాత్రలు ఇవ్వాలి. అండాశయాలు ఉంచినా అవి ముందే అలిసిపోవచ్చు. అమ్మ డిశ్చార్జి కాగితం వెతికాను. ఉంచారో తీశారో అందులో లేదు.

2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏళ్ల స్త్రీలలో ఈ ఆపరేషన్ అయినవారు దేశంలో 3.2 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో 8.9, తెలంగాణలో 7.7. మహారాష్ట్రలోని బీడ్‌లో 2019లో చెరకు కోసే 82,309 మంది స్త్రీలను సర్వే చేస్తే 13,861 మందికి గర్భసంచి లేదు. నెలసరికి ఒకరోజు ఆగినా అక్కడ జరిమానా. గర్భసంచుల లెక్క తేలింది సరే, ఆ తర్వాత వాళ్లకు నిద్ర పడుతోందా అని అడిగిందెవరు?

"అదంతా హార్మోన్లేలే" అనే మాటంటే నాకూ ఒళ్లుమంట. ఆడదాని కోపాన్ని కొట్టిపారేయడానికి వాడతారు దాన్ని. అమ్మ దుఃఖంలో అప్పు ఉంది, కులం ఉంది, నాన్న తాగుడూ ఉంది. అందుకని హార్మోన్ లేదనలేం. మన స్త్రీవాద సెమినార్లు కూడా శరీరం దగ్గరికొచ్చేసరికి సిద్ధాంతంలోకి జారుకుంటాయి. ప్రొజెస్టరాన్ నుంచి శరీరంలో తయారయ్యే ఒక పదార్థం ఆధారంగా, బాలింతల డిప్రెషన్‌కు అమెరికాలో 2019లో ఇంజెక్షన్, 2023లో మాత్ర వచ్చాయి. ఇక్కడ గైనకాలజీ వార్డులో మనసు గురించి అడగరు, మానసిక వైద్యుడు ఆపరేషన్ గురించి అడగడు.

నేనడిగేది చిన్నదే. అండాశయాలు తీశారో లేదో డిశ్చార్జి కాగితం మీద తెలుగులో రాయండి. కుట్లు చూసే రోజున నిద్ర, ఏడుపు గురించి కూడా అడగండి.

మొన్న దసరాకి ఇదంతా అమ్మకు చెప్పాను. గోంగూర ఒలుస్తూ విన్నది.

"అప్పుడే తెలిస్తే మందుండేదా పాపా?"

ఉండేదన్నాను. ఇంకేమీ అడగలేదు.