సేవకీ లెక్క కావాలి

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ మునిగితే ఆదుకోవడానికి ఎన్ని చేతులు ముందుకొచ్చాయో! నీళ్లు తీశాక ఎవరి పనుల్లో వాళ్లం పడ్డాం. అవే చేతులు ఏడాది పొడుగునా ఏదైనా చేద్దామంటే 'డబ్బెక్కడిది?' అంటాం.

ఉంది. 2013 కంపెనీల చట్టం ప్రకారం, ఏటా 5 కోట్లు, ఆపైన నికర లాభమున్న కంపెనీ తన సగటు లాభంలో 2 శాతం సామాజిక సేవకి ఖర్చు పెట్టాలి. అయితే అది మన మంచితనం చూసి రాదు, కాగితం చూసి వస్తుంది. ఏడుగురు కలిస్తే సొసైటీ రిజిస్టరు చేసుకోవచ్చు. ఆపైన ఆదాయపు పన్ను మినహాయింపు, సీఎస్ఆర్-1 నమోదులు కావాలి. మూడేళ్లు పనిచేసిన రుజువూ చూపాలి. అందుకే వరద వచ్చాక కాదు, ఇప్పుడే మొదలెట్టాలి.

పాల లెక్క, చీటీల లెక్క పైసా పొల్లుపోకుండా రాసే మనకి ఇదో లెక్కా? మొదటి రసీదు ఇవాళే దాచండి!