కూలి అడిగితే "లిస్ట్ అయ్యేదాకా ఆగు" అనేవాళ్లకు మన గ్రూపులో చోటెందుకు?

కాస్త పొడుగు పోస్టు. ఓపిగ్గా చివరిదాకా చదవండి, ఆ తర్వాత తిట్టాలనిపిస్తే తిట్టండి.

కొన్నాళ్లుగా మన గ్రూపులో ఒకటే గొడవ. క్రిప్టో బౌంటీ పనులు చేసిన పిల్లలు "మాకు రావలసింది రాలేదు" అంటున్నారు. పెద్దల్లో కొందరు "ఆశకు పోయారు, అనుభవించండి" అంటున్నారు. ఇంకొందరు "కాయిన్ లిస్ట్ కాగానే వస్తుంది, ఓపిక పట్టండి" అని చెప్పి, దాని కిందే ఇంకో కొత్త లింకు పెడుతున్నారు. ఈ రెండు మాటలూ తప్పేనని మేము అంటున్నాం. మొదటిది కష్టపడినవాడిని జూదగాడిగా చూపిస్తుంది. రెండోది ఎగ్గొట్టినవాడికి ఇంకా గడువు ఇస్తుంది.

బౌంటీ అంటే ఏమిటో తెలియని పెద్దల కోసం ముందు నాలుగు మాటలు. ఎవరో ఒక కొత్త కాయిన్ అమ్మాలనుకుంటారు. ప్రచారానికి చేతిలో డబ్బు ఉండదు, ఉన్నా తీయడం ఇష్టం ఉండదు. అందుకని "మా గురించి ట్విట్టర్‌లో రాయండి, టెలిగ్రామ్‌లో మనుషుల్ని చేర్చండి, వీడియో చెయ్యండి, మా పత్రాన్ని మీ భాషలోకి మార్చండి, మొత్తం కాయిన్లలో కొంత భాగం మీకు పంచుతాం" అంటారు. బిట్‌కాయిన్‌టాక్ లాంటి చోట్ల పెరిగిన ఈ పద్ధతి, 2017, 2018లో కొత్త కాయిన్ల జాతర నడిచినప్పుడు ప్రపంచమంతా పాకింది. మధ్యలో ఒక మేనేజర్ ఉంటాడు. వారానికి ఇన్ని పోస్టులు, వారం చివర ఒక రిపోర్టు. చేసిన పనికి ఎదురుగా రూపాయలు రాయరు, "స్టేక్" అని మార్కులు రాస్తారు. చివర్లో అందరి మార్కులూ కూడి, కాయిన్ల కుప్పను ఆ లెక్కన భాగిస్తారు.

ఇందులో మతలబు ఇక్కడే ఉంది. మామిడి తోపులో కాయ కోసేవాడికి పొద్దున్నే కూలి ఎంతో తెలుసు. బహుళ అష్టమి నాడు మన కాలభైరవుడి గుడి దగ్గర దీపాలకు బూడిద గుమ్మడికాయలు అమ్మే అక్కకు కాయ ధర తెలుసు, సాయంత్రానికి డబ్బు చేతిలో ఉంటుంది. బౌంటీ పిల్లవాడికి మూడు నెలలు పని చేశాక కూడా ఒక్క పోస్టుకు ఎంత వచ్చిందో తెలియదు. పక్కవాళ్లు ఎక్కువమంది చేరితే వాడి భాగం తగ్గుతుంది. పైగా "జనాన్ని చేర్చు" అన్నది వాడికిచ్చిన పనే. అంటే వాడి కూలిని వాడి చేతే తగ్గిస్తున్నారు.

ఇక ఎగ్గొట్టే దారులు చూడండి. పని అయిపోయాక బౌంటీకి కేటాయించిన భాగాన్ని సగానికి తగ్గిస్తారు. లేదా అప్పటిదాకా అడగని ఆధార్ ఫోటో, సెల్ఫీ అడుగుతారు. ఇచ్చాక "మీ దేశంవాళ్లకు ఇవ్వడం లేదు" అంటారు. లేదా మీ పోస్టులు స్పామ్ అని ఒక్క మాటతో షీట్‌లోంచి పేరు కొట్టేస్తారు. లేదా కాయిన్లు ఇస్తారు, కానీ తాళం వేసి నెలకు కొంచెం చొప్పున వదులుతారు. తాళం తీసేసరికి ధర నేలమీద ఉంటుంది. కొన్నిటిని ఏ ఎక్స్ఛేంజీలోనూ కొనేవాడే ఉండడు. అవి తీసుకోవడానికి మనమే ఈథర్ కొని నెట్‌వర్క్ ఫీజు కట్టాల్సిన సందర్భాలూ ఉన్నాయి. కూలి తీసుకోవడానికి కూలివాడే టికెట్ కొనుక్కోవాలన్నమాట! ఈ గందరగోళంలో "సపోర్ట్" పేరుతో ఇంకొకడు వచ్చి వాలెట్ పన్నెండు మాటలు అడుగుతాడు. చెప్పారో, ఉన్నది కూడా పోతుంది. ఆ పన్నెండు మాటలు దేవుడు అడిగినా చెప్పకండి.

మేనేజర్‌ని అడిగితే "నాకూ ఇవ్వలేదు" అంటాడు. నిజమే కావచ్చు. టెలిగ్రామ్ గ్రూపులో గట్టిగా అడిగితే గ్రూపులోంచి తీసేస్తారు.

ఇది కొత్త టెక్నాలజీ, పాత చట్టాలకు అందదు అని కొందరు గొప్పగా చెబుతారు. మేము ఒప్పుకోం. ఇది చాలా పాత మోసం. అస్సాం టీ తోటల్లో దొరలు కూలీలకు తమ సొంత బిళ్లలు ఇచ్చేవారు. ఆ బిళ్లలకు పేరే టోకెన్. ఇంగ్లండులో ఇలాంటి చెల్లింపులు ఆపడానికే 1831లో ట్రక్ చట్టం తెచ్చి, కూలి నాణెంలోనే ఇవ్వాలన్నారు. మన దేశంలో 1936 నాటి వేతనాల చెల్లింపు చట్టం కూడా, కూలి చెలామణిలో ఉన్న నాణేలు, నోట్లలోనే ఇవ్వాలని రాసింది. ఎందుకు రాసింది? పని చేయించుకున్నవాడే డబ్బును కూడా తయారు చేస్తే, ఆ డబ్బు విలువ వాడి నోటి మాటే కాబట్టి. ఇంటి నుంచి ఫోన్‌లో పనిచేసే మన పిల్లలకు ఆ చట్టం అక్షరాలా వర్తించదు. కానీ దాని వెనకున్న బుద్ధి మనకు వర్తించదా?

చట్టం దగ్గరికి పోతే ఏమవుతుందో చూడండి. తమిళనాడులో 1997 నాటి డిపాజిటర్ల రక్షణ చట్టం ఉంది. అది డబ్బు కట్టినవాడి కోసం. మన పిల్లలు డబ్బు కట్టలేదు, కష్టం కట్టారు. కార్మిక శాఖ ముందు యజమాని పేరు, చిరునామా అడుగుతుంది. యజమాని ఏ దేశంలో ఉన్నాడో ఎవరికీ తెలియదు. అలాగని ప్రభుత్వానికి క్రిప్టో కనిపించదా అంటే బాగా కనిపిస్తుంది. 2018 ఏప్రిల్‌లో రిజర్వు బ్యాంకు బ్యాంకులను దూరంగా ఉండమంది, 2020 మార్చి 4న సుప్రీంకోర్టు ఆ ఆదేశాన్ని కొట్టేసింది, 2022 ఏప్రిల్ 1 నుంచి క్రిప్టో లాభం మీద 30 శాతం పన్ను వచ్చింది, నష్టం వస్తే దాన్ని వేరే ఆదాయంలో సర్దుకోవడానికీ లేదు. లాభం వచ్చిన రోజు లెక్క అడుగుతారు. కూలి పోయిన రోజు అడిగే నాథుడు లేడు.

"ఊరికే పోస్టులు పెట్టారు, పోయిందేముంది?" అని అడిగే మామలకు జవాబు. ఆ పోస్టుకు విలువ లేకపోతే ఎందుకు చేయించుకున్నారు? అమెరికాలో టొమాహాక్ ఎక్స్‌ప్లొరేషన్ అనే కంపెనీ ఆయిల్ తవ్వుతామని కాయిన్ తెచ్చింది. జనం డబ్బు పెట్టలేదు. అయినా ప్రచారం చేసినవాళ్లకు బౌంటీగా కాయిన్లు పంచింది. 2018 ఆగస్టులో అక్కడి సెక్యూరిటీస్ కమిషన్ ఏమందంటే, డబ్బు తీసుకోకపోయినా ప్రచార సేవకు బదులుగా కాయిన్ ఇచ్చారు కాబట్టి అది కూడా అమ్మకమే అని. కంపెనీ పెట్టినవాడికి 30,000 డాలర్ల జరిమానా పడింది. మీ మేనల్లుడి పోస్టుకు విలువ ఉందని వాషింగ్టన్‌లో ఒప్పుకున్నారు, మనింట్లో ఒప్పుకోమా?

ఇంకో లెక్క. కిమ్ కర్దాషియన్ ఒక కాయిన్ గురించి పెట్టిన పోస్టుకు 2,50,000 డాలర్లు తీసుకుంది. తీసుకున్న సంగతి చెప్పనందుకు 2022 అక్టోబరులో 12.6 లక్షల డాలర్లు కట్టి బయటపడింది. అదే రకం పనికి మన పిల్లవాడికి ఒక షీట్‌లో మార్కులు. మన దేశంలో 2022 ఏప్రిల్ నుంచి క్రిప్టో ప్రకటనల్లో "ఇది నియంత్రణ లేనిది, చాలా ప్రమాదం ఉండొచ్చు" అన్న హెచ్చరిక ఉండాలని ప్రకటనల మండలి నియమం పెట్టింది. మన అన్న కొడుకు కుటుంబ గ్రూపులో పెట్టే మెసేజీకి ఆ హెచ్చరిక ఉంటుందా? ఉండదు. వాళ్లకు కావలసింది అదే. హెచ్చరిక లేని నోరు, అందులోనూ మనవాళ్లు నమ్మే నోరు.

అసలు విషయానికి వస్తున్నాం. ఈ పద్ధతిలో బాకీయే పగ్గం. ఇటుక బట్టీలో అడ్వాన్సు తీసుకున్న కూలీ యజమానికి బాకీ పడి కదల్లేడు. ఇక్కడ తిరగబడింది. యజమానే కూలీకి బాకీ, అయినా కదలలేనివాడు కూలీయే. ఎందుకంటే తనకు రావలసింది ఆ కాయిన్లలోనే ఉంది. కాయిన్ పెరిగితేనే తన మూడు నెలల కష్టానికి విలువ. కాబట్టి కూలి రానివాడే అందరికన్నా గట్టిగా "మంచి కంపెనీ, నమ్మండి" అంటాడు. 2024 జనవరిలో, ప్రకటనలు చూస్తే డబ్బు వస్తుందన్న ఒక యాప్ మీద కోయంబత్తూరు పోలీసులు కేసు పెడితే, వేలమంది నీలాంబూర్ దగ్గర చేరింది ఆ కంపెనీకి మద్దతుగా! వాళ్లంతా పిచ్చివాళ్లు కాదు. తమ డబ్బు ఎక్కడ ఇరుక్కుందో దాన్నే కాపాడుకోబోయారు. మన గ్రూపులో "ఓపిక పట్టండి" అంటున్నవాళ్ల మీద మాకు కోపం ఉన్నా జాలి ఎక్కువ. కానీ వాళ్ల బాకీ వసూలు కావడానికి మన బంధువుల సొమ్ము దిగాల్సిన పని లేదు.

తెలుగు సంగతి కూడా చెప్పాలి. 2006 తమిళ బోధన చట్టం తర్వాత ఈ జిల్లాల్లో బడిలో తెలుగు చదివే పిల్లలు ఎంతగా తగ్గారో మీకు తెలుసు. అవ్వ దగ్గరో సంఘం తరగతిలోనో నేర్చుకున్న నాలుగు అక్షరాలు ఉన్న పిల్లలను పట్టుకుని, కాయిన్ పత్రాలు తెలుగులో రాయిస్తున్నారు. ఆ తెలుగు చదివేది ఎవరు? హోసూరు, కుప్పం, చిత్తూరులో ఉన్న మన చుట్టాలే. ఇంత కష్టపడి నిలుపుకున్న భాష మొదట పనికొచ్చింది మనవాళ్లకు వల వేయడానికా?

మన ఊరి పేరులోనే అదియమాన్ ఉన్నాడు. ఆయన అవ్వైయార్‌కు ఉసిరికాయ ఇచ్చిన కథ అందరూ చెబుతారు. పురనానూరులో ఇంకో పాట ఉంది, దాన్ని తక్కువమంది తలుస్తారు. అదియమాన్ బహుమానం ఇవ్వడంలో ఆలస్యం చేస్తే, ఆమె వాకిట్లో కావలివాడితో ముఖం మీదే మాట్లాడి, మూట సర్దుకుని బయలుదేరుతుంది. పొగడడం ఆమె విద్య, దానికి బహుమానం ఆమె హక్కు. అంత పెద్ద దొర దగ్గర కూడా ఆమె "లిస్ట్ అయ్యేదాకా" ఆగలేదు. ఆమెకు నిలబడి అడగడానికి ఒక వాకిలి ఉంది. మన పిల్లలకు వాకిలి కూడా లేదు, కార్టూన్ బొమ్మ పెట్టుకున్న ఒక అడ్మిన్ ఉన్నాడు.

"కొందరికి వచ్చింది కదా" అంటారు. వచ్చింది, కాదనం. ముందే మూడోవాడి దగ్గర సొమ్ము పెట్టి, వారం వారం బిట్‌కాయిన్‌లో చెల్లించిన ప్రచారాలు ఉన్నాయి. ఇవ్వాలనుకున్నవాడికి దారి ఉందని దానివల్లే తెలుస్తోంది.

కాబట్టి వచ్చే సర్వసభ్య సమావేశం ముందు మేము పెట్టేవి ఇవి.

ఒకటి. మన గ్రూపులో బౌంటీ, రెఫరల్ లింకులు వద్దు. ఎవరైనా పెడితే, దానివల్ల తనకు ఏం వస్తుందో అదే మెసేజీలో రాయాలి. రాయకపోతే అడ్మిన్లు తీసేయాలి, పెట్టింది ఎంత పెద్దవాళ్లయినా సరే.

రెండు. బాకీ ఉన్న పిల్లలు షీట్ కాపీ, నియమాల స్క్రీన్‌షాట్లు, తేదీలు ఇప్పుడే దాచుకోండి, వాళ్లు చెరిపేయకముందే. సంఘం తరఫున ఒకే జాబితా చేసి, ఒకే ఉత్తరంగా అడుగుదాం. ఒక్కడు అడిగితే గ్రూపులోంచి తీసేస్తారు, ముప్ఫైమంది పేర్లతో అడిగితే కనీసం ఆ కాయిన్ కొనబోయేవాళ్లయినా చూస్తారు. డబ్బు పోయినవాళ్లు 1930కి ఫోన్ చెయ్యండి. ఆధార్ ఇచ్చినవాళ్లు సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టండి.

మూడు. ఇకమీద ఇలాంటి పని చేయాలనుకునేవాళ్లు మూడు ప్రశ్నలు అడగండి. రేటు ముందే ఉందా? సొమ్ము మూడోవాడి దగ్గర పెట్టారా? వాళ్లు ముద్రించుకున్న కాయిన్ కాకుండా వేరే దానిలో ఇస్తారా? ఒక్కదానికి "లేదు" అన్నా పని మొదలుపెట్టకండి.

నాలుగు. పిల్లలను వెక్కిరించడం ఆపండి. పని చేసి కూలి అడిగారు. మన తాతలు అడిగిందీ అదే.

అభ్యంతరం ఉన్నవాళ్లు కింద రాయండి, సమావేశంలో ఎదురుగా మాట్లాడుకుందాం. కానీ కామెంటులో లింకు మాత్రం పెట్టకండి.