‘కళ’ యెందుకు దొరకలేదు?

– శబ్దజీవి

గడచిన వేసవిలో, చిరకాలముగా నేను కూర్చుకొనుచున్న పదముల జాబితాను ఒక చిన్న నిఘంటువుగా మలచి, మాట టైపు చేసినంతనే దాని యర్థము కంప్యూటరు తెరపై కనబడునట్లు నాకు నేనే యొక ప్రోగ్రాము వ్రాసికొంటిని. ‘కవి’ని అడిగితిని, దొరకెను, ‘కావ్యము’ను అడిగితిని, దొరకెను, ‘కళ’ను అడుగగా, అట్టి మాటయే లేదని జవాబు వచ్చెను. జాబితా తెరచి చూతును గదా, ‘కళ’ తన చోటున చక్కగా కూర్చుండియే యున్నది. లేని మాట దొరకకుండుట సహజము. ఉన్న మాటను లేదని చెప్పు నిఘంటువు అసత్యమాడుచున్నదన్నమాట. ఆ యసత్యమునకు మూలము వెదకుటలో రెండు దినములు గడచినవి. ఆ రెండు దినములలో నేను నేర్చినది తెలుగు మాటలను యంత్రమున కెక్కించు ప్రతివారికిని పనికివచ్చునని నమ్మి, ఈ వారము దానినే ప్రస్తావించుచున్నాను.

పదములను వరుసగా పేర్చి, ఆ వరుస ఆధారముననే వెదకుట మన చేతికి అలవాటైన పనియే. బరువైన నిఘంటువును నడుమకు తెరచి, మనకు కావలసిన మాట ఆ పుటకు ముందుండునా, వెనుకనుండునా యని చూచి, అక్కరలేని సగమును విడిచి, మిగిలిన సగమును మరల నడుమకు చీల్చుచు పోవుదుము. ప్రోగ్రాములు వ్రాయువారు దీనినే బైనరీ సెర్చి యందురు. ఒక్కొక్క పోలికతో వెదకవలసిన రాశి సగమగుచుండుటచేత, పది లక్షల మాటలున్న పట్టికలోనైనను ఇరువది పోలికలతో పని ముగియును; ఏలయనగా ఇరువది రెండ్లను ఒకదానితో నొకటి గుణించినచో వచ్చునది 10,48,576. మొదటినుండి ఒక్కొక్క మాటనే చూచుకొనుచు పోయినచో సగటున ఐదు లక్షల మాటలను దాటవలసియుండును. ఐదు లక్షలకును ఇరువదికిని గల యీ యంతరమంతయు వరుస యను ఒక్క గుణమునుండి వచ్చినదే. కాని ఆ గుణము ఒక నియమమునకు కట్టుబడియున్నది: పట్టికలోని మాటలు ఏ క్రమమున పేర్చబడినవో, వెదకునపుడు పోల్చు క్రమమును అక్షరము తప్పకుండ అదియే కావలెను.

మన పూర్వులకు ఈ వరుసతో పని లేకపోయెను. అమరకోశము గాని, ఆ మార్గముననే పైడిపాటి లక్ష్మణకవి తెలుగు మాటలకు పద్యములలో కూర్చిన ఆంధ్రనామసంగ్రహము గాని, దేవతలు, మానవులు, స్థావరములు, తిర్యక్కులు అని విషయమునుబట్టి వర్గములుగా నడచునవి. వానిని కంఠస్థము చేసినవాని జ్ఞాపకశక్తియే వానికి సూచిక. పుస్తకము అచ్చులోనికి వచ్చి, కంఠస్థము చేయనివాడును దానిని తెరచి చూడగల కాలము వచ్చిన పిదపనే అకారాదిక్రమమునకు మన్నన హెచ్చెను. మచిలీపట్టణమున మామిడి వెంకయ్య ఆంధ్రదీపికను ఆ క్రమముననే కూర్చెను. బ్రౌనుదొర తెలుగు–ఇంగ్లీషు నిఘంటువు 1852లోను, బహుజనపల్లి సీతారామాచార్యులవారి శబ్దరత్నాకరము 1885లోను వెలువడినవి. ఆ మహనీయులు చీట్లపై వ్రాసి, చేతులతో సవరించి, కన్నులు కాయలు కాచునట్లు నిలిపిన వరుసను నేడు యంత్రము క్షణములో కూర్చిపెట్టుచున్నది. అయినను ఆ వరుస మన వరుసయేనా?

నా ‘కళ’ దొరకకపోవుటకు కారణము ఇక్కడనే యున్నది. చిన్ననాట పలకపై మనము దిద్దిన వర్ణమాలలో య ర ల వ శ ష స హ అయిన పిమ్మట ళ, క్ష, ఱ వచ్చును. కంప్యూటరునకు అక్షరములు తెలియవు, సంఖ్యలే తెలియును. ఆ సంఖ్యలను నిర్ణయించిన యూనికోడులో లకారము 3122, ళకారము 3123, వకారము 3125, హకారము 3129. 1991లో వెలువడిన యూనికోడు మొదటి కూర్పునందే తెలుగునకు చోటు దొరకెను. భారతీయ లిపులన్నిటిని ఒకే మూసలో నిలిపిన మన దేశపు పాత ప్రమాణమును అనుసరించియే దానిలోని అక్షరముల స్థానములు ఏర్పడినవి. అందుచేత ళకారము లకారమునకు ప్రక్కగాను, ఱకారము రకారమునకు ప్రక్కగాను నిలిచినవి. సంఖ్యల లెక్కలో ‘కళ’ ముందు, ‘కవి’ వెనుక; మన వర్ణమాల లెక్కలో ‘కవి’ ముందు, ‘కళ’ వెనుక. నేను జాబితాను వర్ణమాలననుసరించి పేర్చితిని. వెదకునపుడు మాత్రము యంత్రమునకు సహజమైన సంఖ్యల పోలికకే వదలివేసితిని. యంత్రము నడుమ ‘కవి’ని చూచి, ‘కళ’ దానికి ముందుండవలెనని తలంచి ముందు సగమునకు పోయెను. ‘కళ’యో వెనుక సగమున నున్నది. ళ, క్ష, ఱ లేని మాటలను ఒకదానితో నొకటి పోల్చినప్పుడు రెండు క్రమములకును వైరము రాదు గనుక అవి చాలవరకు దొరకినవి. దోషము ఇన్నాళ్లు దాగియుండుటకును అదియే హేతువు.

దీనికి నేను చేసికొన్న చికిత్స సులభమైనదే. వర్ణమాలలోని ప్రతి యక్షరమునకును మన క్రమమున నొక వరుససంఖ్య నిచ్చి, ఒక్కొక్క మాటకు ఆ సంఖ్యలతో నొక ఛాయారూపమును ముందుగానే కట్టి, పేర్చునపుడును వెదకునపుడును ఆ ఛాయలనే పోల్చుట. దీనివలన వేగమును కలిసివచ్చినది. నేడు సర్వత్ర వాడుకలోనున్న యూటీఎఫ్–8 పద్ధతిలో తెలుగు అక్షరమొక్కొక్కటియు మూడు బైట్లు పట్టును; అందు మొదటిది ఎల్లప్పుడును 224, రెండవది 176 గాని 177 గాని. మాటను మాటతో పోల్చునపుడు తేడా తేల్చునది చాలవరకు మూడవ బైటే గనుక, తక్కిన రెండింటిని తడవి చూచుట వ్యర్థప్రయాసము. ఛాయలో అక్షరమునకు ఒక్క బైటు చాలును.

అయితే ఛాయ కట్టుటకు ముందు మాటను శుద్ధి చేయవలెను; ఈ శుద్ధిలోనే అసలు పాటు ఉన్నది. ‘ై’ అను ఐత్వపు గుర్తును 3144 అను ఒకే సంఖ్యగా వ్రాయవచ్చును, లేదా 3142, 3158 అను రెండు సంఖ్యల జంటగాను వ్రాయవచ్చును. కంటికి రెండును ఒక్కటియే, యంత్రమునకు రెండు వేరు మాటలు. ‘సాఫ్ట్‌వేర్’ వంటి మాటలలో పొల్లు తరువాతి హల్లు వత్తుగా దిగిపోకుండ కంటికి కనబడని గుర్తొకటి నడుమ నిలుచును. ఒకరు దానిని వ్రాయుదురు, ఒకరు వ్రాయరు. ఇక అరసున్న మాట. పాత గ్రంథములలో ‘వాఁడు’ అని యుండగా నేటి పాఠకుడు ‘వాడు’ అనియే వెదకును. ‘కఱవు’నకు ‘కరవు’ అనియే టైపు చేయును. నా యభిప్రాయమున, అరసున్నను గాని శకటరేఫను గాని మొదటి పోలికలో గణింపక, తక్కినదంతయు సమానమైనప్పుడు మాత్రమే వానిని లెక్కకు తెచ్చుట ఉచితము. అట్లు చేసినచో పాత వ్రాతకు అపచారము జరుగదు, నేటివానికి తలుపు మూసికొనదు. నిండుసున్న హల్లులకు ముందు నిలుచునా, తరువాతి వర్గపు అనునాసికముతో కలియునా యనుట నిఘంటుకర్త తేల్చుకొనవలసిన విషయము. తేల్చుకొన్నది ఒక్కటిగా నుండవలెను, పీఠికలో చెప్పవలెను.

వెదకు పద్ధతి సులభముగా తోచుటయు నొక ప్రమాదమే. అమెరికాలో జాన్ మాక్లీ 1946లో బైనరీ సెర్చిని ప్రస్తావించెను. ఎన్ని అంశములున్న పట్టికకైనను సరిపడునట్టి రూపము అచ్చులో కనబడుటకు 1960 వరకు, డెరిక్ లెహ్మరు వ్రాయువరకు, ఆగవలసివచ్చెను. జావా భాషతో లోకమంతట వ్యాపించిన బైనరీ సెర్చిలో నొక దోషము ఏండ్ల తరబడి దాగియుండెనని జాషువా బ్లాక్ 2006లో ప్రకటించెను: నడిమి స్థానము కొరకు రెండు కొసలను కూడునపుడు, పట్టిక మిక్కిలి పెద్దదైనచో మొత్తము 2,14,74,83,647ను మించి ఋణసంఖ్యగా మారిపోవును. కొసల నడిమి దూరమును సగము చేసి మొదటి కొసకు కలిపినచో ఆ చిక్కు లేదు. మహానిపుణులే తప్పిన చోట నా ‘కళ’ తప్పిపోవుట వింత కాదు గాని, ప్రతి మాటను ఒక్కొక్కటిగా వెదకించి చూడనిది నిఘంటువును లోకమునకు వదలరాదని నాకు స్థిరపడినది.

ఇంత శ్రమ యేల, హ్యాష్ టేబుల్ వాడుకొనరాదా యని యువమిత్రులు అడుగుదురు. మాటలోని అక్షరములను లెక్కతో చూర్ణము చేసి, వచ్చిన సంఖ్యనుబట్టి గదిలో వేయు ఆ పద్ధతి వేగమైనదే. కాని అందు ‘కవి’ యొక మూలకును, ‘కవిత’ వేరొక మూలకును పోవును, ఇరుగుపొరుగులు నశించును. మన భాషయో ధాతువునకును ప్రాతిపదికకును వెనుక ప్రత్యయములను అతికించుకొనుచు పోవునది. పాఠకుడు ‘పుస్తకాలలో’ అని వెదకినప్పుడు హ్యాష్ టేబుల్ లేదని చెప్పి ఊరకుండును. వరుస గల పట్టిక, ఆ మాట ఉండవలసిన చోటికి పోయి, అది లేకున్నను, దానికి ముందు సమీపముననే యున్న ‘పుస్తకము’ను చూపగలదు. ‘ఇండ్లలో’నుండి ‘ఇల్లు’నకు ఇట్లు చేరలేమన్నది నిజమే, దానికి వ్యాకరణము తెలిసిన వేరొక సాయము కావలెను, అయినను మాటలు వెనుకకు పెరుగు భాషకు, మొదటి యక్షరములను నమ్ముకొన్న పట్టికకంటె అనువైనది నాకు కనబడలేదు. ప్రక్కమాటల మొదళ్లు కలియుట చేత, ముందరి మాటతో కలిసినంత భాగమును మరల వ్రాయక చోటు మిగుల్చుకొనుటకును వీలగును.

మాటలు అనుదినము చేరుచు పోవుచుండు పట్టికయైనచో, నడుమ నొకదానిని చొప్పించుటకై వెనుకవానినన్నిటిని జరుపవలసిన బాధ కలదు. అందులకై సోవియట్ గణితవేత్తలు అడెల్సన్–వెల్స్కీ, లాండిస్ 1962లో ప్రకటించిన సమతుల్య వృక్షము మొదలైన ఉపాయములు కలవు. ఒకమారు కూర్చి వేలమారులు చదువు నిఘంటువునకు మాత్రము సాదా వరుసయే చాలును.

దోషము సవరించిన రాత్రి మరల ‘కళ’ను అడిగితిని. ఈమారు దొరకుటయే గాక, తెరపై దాని క్రిందనే పొరుగువారును వచ్చి నిలిచిరి: కళంకము, కళత్రము, కళవళము, కళాయి, కళింగము, కళేబరము. వెదకినది ఒక్క మాటయే అయినను, తెల్లవారుజామువరకు ఆ పొరుగిండ్లలోనే తిరుగుచు కూర్చుంటిని.