అడక్కుండానే వచ్చిందా ఓటు?

ఈమధ్య సిద్దిపేటలో జరిగిన ఒక సాహిత్య సభలో ఓ పెద్దాయన అన్నారు: "పాశ్చాత్య స్త్రీలు ఓటు కోసం కొట్లాడాల్సి వచ్చింది. మన ఆడవాళ్లకు అడక్కుండానే ఇచ్చాం." చప్పట్లు కొట్టినవాళ్లలో స్త్రీలూ ఉన్నారు. నాకు మాత్రం ఆ 'ఇచ్చాం' ముల్లులా గుచ్చుకుంది. ఎవరి సొత్తు ఎవరికిచ్చారు?

మార్గరెట్ కజిన్స్ అనగానే మనకు గుర్తొచ్చేది 1919, మదనపల్లె, జనగణమనకు స్వరాలు రాసిన దొరసాని. అంతే. సంగీతం నేర్పే ఈ టీచరు 1908లో ఐర్లండులో స్త్రీల ఓటు హక్కు సంఘాన్ని స్థాపించినవాళ్లలో ఒకరు. అందుకోసం రెండుసార్లు జైలుకెళ్లింది. 1915లో మనదేశం వచ్చింది. మనం బాణీని దాచుకుని, జైలును పారేసుకున్నాం.

1917లో ఇండియా మంత్రి మాంటేగును కలిసి ఆడపిల్లల చదువు గురించి అడగాలనుకుంది కజిన్స్. రాజకీయ విషయాలైతేనే వింటామన్నారు. అయితే ఓటే అడుగుతామన్నారు ఆ స్త్రీలు! డిసెంబరు 18న మద్రాసులో మాంటేగు ముందు నిలబడ్డ బృందానికి నాయకురాలు హైదరాబాదులో పుట్టిన సరోజినీ నాయుడు. ఆ తర్వాత సౌత్‌బరో కమిటీ కాదంది. 1919లో సరోజిని, అనీబిసెంట్, హీరాబాయి టాటా లండన్ దాకా వెళ్లి సాక్ష్యం చెప్పారు. 1921లో గానీ మద్రాసు శాసనమండలి ఒప్పుకోలేదు. ఇది అడక్కపోవడమా?

మన స్త్రీవాదులతోనూ నాకు పేచీ ఉంది. 1921లో 'స్త్రీలకు' ఓటొచ్చిందని రాసేస్తాం. ఏ స్త్రీలకు? ఆస్తి ఉన్నవాళ్లకు. ఆస్తి మగవాడి పేర పెట్టి, ఆస్తి లేదు కాబట్టి ఓటు లేదన్న లెక్క అది. 1935 చట్టం ఆ గీతను కాస్త జరిపింది, అదీ చాలామందికి భర్త ఆస్తిని చూసి! ఇక నిజాం రాజ్యంలోని మా సిద్దిపేటకు మద్రాసు తీర్మానంతో సంబంధమే లేదు. ఇక్కడి కూలి స్త్రీ ఓటేసింది 1952లోనే. మద్రాసు కథనే తెలుగు స్త్రీలందరి కథగా చెబితే, ఆ పెద్దాయన చేసిన పనే మనమూ చేసినట్టు.

ఆ ఎన్నికల్లోనే దేశంలో దాదాపు 28 లక్షలమంది స్త్రీలు, ఎక్కువగా ఉత్తరాది వాళ్లు, జాబితాల నుంచి తొలగిపోయారు. ఫలానావాడి భార్య, ఫలానావాడి తల్లి అని తప్ప వాళ్ల పేర్లు నమోదు కాలేదు.

మా అమ్మమ్మ ఆ ఏడు ఓటేసింది. ఎవరికేసినవని చిన్నప్పుడు అడిగితే చెప్పలేదు. "నా పేరు నలుగుట్ల పిలిసింది అప్పుడే బిడ్డా," అన్నది.

ఆ పిలుపు ఎవరి దానమూ కాదు. దాని వెనకున్న పేర్లను కూడా ఇప్పుడు నలుగురిలో పిలవాలి. వచ్చే సభలో నేను చప్పట్లు కొట్టను, లేచి నిలబడతాను.