వెలుగు దిద్దండి, రంగు మార్చకండి

పెళ్లి ఆల్బమ్ చేతికి వస్తే జీలకర్ర బెల్లం ఫోటో దగ్గర ఆగి చూడండి. చాలా ఆల్బమ్‌లలో పెళ్లికూతురి ముఖం పాలిపోయినట్టు తెల్లగా ఉంటుంది. గోరింటాకు పెట్టుకున్న ఆమె చేతులు మాత్రం తమ చామనఛాయలోనే ఉంటాయి. ముక్కుపుడక పక్కన పడాల్సిన చిన్న నీడ కూడా చెరిగిపోయి, ముక్కు బుగ్గల్లో కలిసిపోతుంది. నంద్యాలలో అయినా, ఆళ్లగడ్డలో అయినా, హైదరాబాద్‌లో అయినా ఇది ఎంత మామూలైపోయిందంటే, ముఖానిదీ చేతిదీ వేర్వేరు రంగులేమిటని అడిగేవారే లేరు. ఫోటోలో వెలుగునీడలను దిద్దడం న్యాయమైన పనే, చాలాసార్లు తప్పనిసరి కూడా. కానీ మనిషి ఒంటి రంగును మార్చడం అందులో భాగం కాదు. ఈ రెంటికీ మధ్య గీతను మన స్టూడియోలు గట్టిగా గీసుకోవాలి.

దిద్దడం ఎందుకు తప్పదో ముందు చూద్దాం. కెమెరాకు మన కన్నంత తెలివి లేదు. ఎదురుగా ఉన్నదంతా కలిపి సగటున ఒక మధ్యరకం బూడిదరంగు అనుకుని అది వెలుతురును లెక్కగడుతుంది. మహానందిలోనో అహోబిలంలోనో గుడి మండపంలో పెళ్లి జరుగుతూ, వెనక మిట్టమధ్యాహ్నపు రాయలసీమ ఎండ కాస్తుంటే, ఆ ఎండను చూసి కెమెరా వెలుతురు తగ్గించేస్తుంది. మండపంలో ఉన్నవాళ్ల ముఖాలు ఉన్నదానికంటే నల్లబడతాయి. అప్పుడు ముఖాల వరకు వెలుగు పెంచి, వెనకనున్న ఎండను కాస్త తగ్గిస్తే అక్కడ ఉన్నవాళ్లు చూసినదానికి ఫోటో దగ్గరవుతుంది. డార్క్‌రూమ్ రోజుల్లోనూ ఇదే జరిగేది. తీగకు కట్టిన అట్టముక్కను ఎన్‌లార్జర్ వెలుగుకు అడ్డం పెడితే ఆ నీడ పడిన చోటు ప్రింట్‌లో తేలికయ్యేది, చేతుల సందులోంచి ఒకేచోట అదనంగా వెలుగు పడనిస్తే ఆ చోటు ముదిరేది. అమెరికన్ ఫోటోగ్రాఫర్ ఆన్సెల్ ఆడమ్స్ 1941లో హెర్నాండెజ్ అనే పల్లె మీద చంద్రోదయాన్ని తీసి, ఆ ఒక్క నెగెటివ్‌ను దశాబ్దాల పాటు ప్రింట్ చేస్తూ ఆకాశాన్ని అంతకంతకూ ముదురు చేస్తూ పోయాడు. 1990లో వచ్చిన ఫోటోషాప్ ఈ రెండు పనులనూ రెండు బొమ్మగుర్తులుగా తెరమీదికి తెచ్చింది. ఒకటి ఆ అట్టముక్క, రెండోది గుండ్రంగా ముడిచిన చెయ్యి. కాబట్టి ఎడిటింగ్ అంటేనే మోసం అనేవారి మాట నిలవదు.

నీడకు విలువ ఎంతో తెలుసుకోవడానికి మనం దూరం పోనక్కర్లేదు. రాతిశిల్పాలకు భౌగోళిక గుర్తింపు తెచ్చుకున్న ఊరు ఆళ్లగడ్డ. ఉలి తగిలిన చోట బూడిదరంగులో కనిపించే కృష్ణశిల, నునుపు పట్టి నూనె రాశాక నల్లగా నిగనిగలాడుతుంది. ఆ నలుపులో నరసింహస్వామి జూలు పాయలు పాయలుగా కనిపిస్తుందంటే పాయకూ పాయకూ మధ్య శిల్పి లోతు తీసి నీడకు చోటిచ్చాడు కాబట్టి. అదే విగ్రహాన్ని ఎదురుగా ఫ్లాష్ కొట్టి ఫోటో తీస్తే జూలు చదునైపోతుంది. పక్కనుంచి వెలుగు పడితే ప్రతి గాటూ లేచి నిలబడుతుంది. ముఖం సంగతీ ఇంతే. కనుబొమ్మ కింద, పెదవి కింద, చెంప పక్కన ఉన్న నీడలే ముఖానికి ఆకారం. ఓపిక ఉన్న ఎడిటర్ బ్రష్ బలాన్ని అయిదు, పది శాతానికి తగ్గించుకుని, ఆ నీడలను ఉంచుతూనే కళ్లకు కాస్త వెలుగు ఇస్తాడు. ముఖమంతా ఒకేసారి తెల్లగా చేసేవాడు ఆ ఆకారాన్నే తుడిచేస్తాడు. నల్లరాతిలో దైవాన్ని చూసి చేతులు జోడించే చోట ఆడపిల్ల ఒంటి నలుపును దిద్దాల్సిన తప్పుగా చూడటం నన్ను బాధపెడుతుంది.

ఇదంతా ముచ్చట కోసం చేసేదే కదా, ఇంత పట్టింపు ఎందుకని అడగొచ్చు. రంగును కాస్త జరిపితే చూసేవాడి తీర్పు ఎంత జరుగుతుందో 1994 జూన్‌లో ప్రపంచం చూసింది. హత్య కేసులో అరెస్టయిన నల్లజాతి క్రీడాకారుడు ఓజే సింప్సన్ పోలీసు ఫోటోను టైమ్ పత్రిక ముదురు చేసి ముఖచిత్రంగా వేసింది, న్యూస్‌వీక్ అదే ఫోటోను మార్చకుండా వేసింది. రెండూ పక్కపక్కన దుకాణాల్లో కనిపించేసరికి టైమ్ మీద పెద్ద దుమారం రేగింది. అక్కడ నలుపును నేరానికి గుర్తు చేశారు. మన ఆల్బమ్‌లలో తెలుపును అందానికి గుర్తు చేస్తున్నాం. రెండింటి కింద ఉన్న నమ్మకం ఒక్కటే.

స్టూడియోవారి వాదన కూడా వినాలి. కస్టమరే అడుగుతున్నాడు, చేయకపోతే పక్క షాపుకు పోతాడు అంటారు. నిజమే, పొట్టకూటి మాట తేలిగ్గా తీసేయలేం. కానీ అడిగినవారికి చేయడం ఒకటి, అడక్కముందే అందరికీ చేసేయడం మరొకటి. సంబంధాల కోసం పంపే ఫోటో అయితే నష్టం ఇంకా నేరుగా ఉంటుంది. తెల్లబరచిన ఫోటో చూసి వచ్చినవాళ్లు ఎదురుగా కూర్చున్న పిల్లను ఫోటోతో పోల్చి చూస్తారు, ఆ చూపును భరించాల్సింది ఆ పిల్లే. 2020లో ఒక పెద్ద పెళ్లి సంబంధాల సైట్ ఒంటి రంగు వడపోతను తీసేసింది, ఫెయిర్ అండ్ లవ్లీ తన పేరులోంచి ఫెయిర్‌ను తీసేసింది. అంత పెద్ద వ్యాపారాలే జనం మాటకు తగ్గినప్పుడు ఊళ్లో స్టూడియో మారలేకపోతుందనుకోను. ఫోన్లే తమంతట తాము తెల్లగా చేస్తున్నాయి కదా అంటే, అందుకే స్టూడియోలో మనిషి కూర్చోవాలి. ఆలోచించి చేసే పనికే కదా జనం డబ్బిచ్చేది.

ఆర్డర్ రాసుకునేటప్పుడు ఒక్క ప్రశ్న కలిపితే చాలు: వెలుతురు దిద్దమంటారా, రంగు కూడా మార్చమంటారా అని. ఆ ప్రశ్న తల్లిదండ్రులనో పెళ్లికొడుకునో కాకుండా, ఫోటోలో ఉన్న అమ్మాయినే అడగాలి. ఎడిటింగ్ నేర్పేవారు కూడా మొదటి పాఠంలోనే ముఖాన్ని అదే ఫోటోలోని చేతితో, మెడతో పోల్చి చూసుకోవడం నేర్పాలి. ముఖం, మెడ, చెయ్యి ఒకే మనిషివిగా కనిపించేదాకా ఆ ఫైలు ల్యాబ్‌కు వెళ్లకూడదు.